ఫౌండేషన్ రబ్బర్లు, వెనకసీటు మనిషి

పలాస పక్కన కాశీబుగ్గలో నా షెడ్డు షట్టరు దించి ఏడాది దాటింది. అయినా వారానికొకరైనా ఇంటి గుమ్మం ముందు బండి ఆపి, "మేస్త్రీ, ఒక్కపాలి సౌండు ఇను" అంటారు. వింటాను. ముప్ఫై తొమ్మిదేళ్లు వినడమే నా ఉద్యోగం. విన్నదాన్లో చాలా భాగం తప్పుగా విన్నానన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు షెడ్డు లేదు, పోయే గిరాకీ లేదు. చెప్పేస్తాను.

ఇది ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం. ఇంజను టాపెట్లు ఎలా సరిచెయ్యాలో, కార్బురేటర్ ఎలా విప్పాలో ఫోన్లో వీడియోలు నాకన్నా బాగా చూపిస్తున్నాయి. ఆ వీడియోల్లో మేస్త్రి ఎప్పుడూ తప్పు చెయ్యడు. అక్కడే వాటికీ షెడ్డుకీ కొంచెం తేడా ఉంది.

టెక్కలి చదువు

నేను పని నేర్చుకున్నది టెక్కలిలో, సన్యాసిరావు మేస్త్రి దగ్గర. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడాయన. ఏ బేరింగు అరిగిందో, ఏ పిన్ను వదులైందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. అంతటి చెవి నేను మళ్లీ చూడలేదు.

ఆ చెవి బండి మాట తప్ప మనిషి మాట వినేది కాదు. బండి యజమాని నోరు తెరిస్తే, "నువ్వు కూకో. బండి సెప్తాది" అనేవాడు.

ఒకసారి ఒక బడిపంతులు స్కూటరు తెచ్చాడు. ఏదో చెప్పబోతే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టి, చెవితో విని, కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి ఇచ్చాడు. ఇంజను వీణలా పలికింది. పంతులు వీధి చివరికి వెళ్లి, కొబ్బరిబొండాల గుట్టలోకి దూసుకుపోయాడు. పాపం ఆయన చెప్పబోయింది బ్రేకు సంగతి. మేస్త్రి ఏమాత్రం తొణక్కుండా, "సూసినారా, ఇంజను ఎంత బాగా సేసినానో! ఆపినా ఆగనేదు" అన్నాడు.

మేమంతా పగలబడి నవ్వాం. పంతులు మోచేతులు గీసుకుపోయి, బొండాల మధ్యలోంచి లేస్తున్నాడు. నేను ఆ మేస్త్రి దగ్గర చెవి ఎలా పెట్టాలో నేర్చుకున్నాను. చెవి ఎలా మూసుకోవాలో కూడా నేర్చుకున్నాను. రెండోది చాలా తొందరగా వచ్చింది.

మార్చిన బండి

నేను పని మానేసే ముందు నాలుగైదేళ్లు మా పలాస చుట్టుపక్కల బండ్లు మార్పించుకునే పిచ్చి పట్టుకుంది. కంపెనీ వాళ్లు ఇంతమంది ఇంజనీర్లను పెట్టి తయారుచేసిన బండిని మనవాళ్లు ఒక మధ్యాహ్నంలో గ్యాసు కట్టరుతో సరిదిద్దేవారు. హ్యాండిలు ఆకాశంలోకి లేచేది. సైలెన్సర్లో ఉన్నది ఊడబెరికి పారేసేవారు. తరవాత నా దగ్గరికొచ్చి, "మేస్త్రీ, ఎందుకో సౌండు వత్తంది" అనేవారు.

అందుకే ఒక మంగళవారం పొద్దున్న ఆ బండి షెడ్డు ముందు ఆగగానే మొహం చిట్లించాను. చిన్న బండి చట్రం కోసి, కిందికి దించి, అందులో పెద్ద బండి ఇంజను కూర్చోబెట్టారు. ముందు సీటు పీటంత ఎత్తున ఉంది. వెనక సీటుకి ఇనప గొట్టాలతో కుర్చీలాంటి ఒరుగు, దానికి పరుపు ముక్క. పక్కన రేకుపెట్టె. ఏ పెళ్లి ఊరేగింపు కోసమో చేయించుంటారనుకున్నాను.

ముందు సీట్లోంచి నలభై ఏళ్ల ఆవిడ దిగింది. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించి, దోపుకున్న చీర కుచ్చిళ్లు దించుకుంది. పేరు ఢిల్లేశ్వరి. వెనక కుర్చీలో ఆమె భర్త ఎర్రయ్య, ఎడమ చెయ్యి గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. అతను పాతికేళ్లు బోటు ఇంజను నడిపినవాడు. కిడ్నీలు పాడైపోయి, మంగళ, గురు, శనివారాలు పలాసలో డయాలసిస్‌కి వస్తున్నాడు.

నేను మగవాణ్ని చూసి, "ఏటి బావా, ఏటయ్యింది బండికి?" అన్నాను.

"తోలేది అది. దాన్నడుగు" అన్నాడు ఎర్రయ్య.

హాస్యమనుకుని నవ్వి, మళ్లీ అతన్నే అడిగాను. ఈసారి ఆమె జవాబు చెప్పింది.

"రైలు వంతెన ఎక్కినప్పుడు కింద నుంచి దడదడా కొడతంది, మేస్త్రీ. సేతులు తిమ్మిరెక్కిపోతన్నాయి. తిన్నని రోడ్డు మీద ఏటీ నేదు. నానొక్కదాన్నే తోలినా ఏటీ నేదు."

"ఇంజను మంచిదే బావా. అది కూకున్న సోటే బాగోనేదు. బోటులోనా అంతే. ఇంజను కింద దిమ్మలు నలిగిపోతే ఇలగే కొడతాది" అన్నాడు ఎర్రయ్య.

ఒకసారి ఆగి లెక్కవేసుకోండి. దడ ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో ఆమె చెప్పింది. ఎక్కణ్నుంచి వస్తుందో అతను చెప్పాడు. రోగం మొత్తం వాళ్లే చెప్పేశారు. నాకు మిగిలింది రెంచి పట్టుకోవడం ఒక్కటే.

"బోటు ఏరు, బండి ఏరు. మీరు ఎల్లి రండి. నాను సూత్తాను" అన్నాను.

నా వైద్యం

డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. అతన్ని అక్కడ దించి, ఆమె బండి నాకప్పగించేది. మొదటి మంగళవారం టాపెట్లు సరిచేశాను. గురువారం గొలుసు, పళ్ల చక్రాలు, వెనక చక్రం బేరింగులు చూశాను. రెండుసార్లూ హైవే దాకా ఒక్కణ్నే వెళ్లొచ్చాను. తిన్నని రోడ్డు. బండి వెన్నపూసలా వెళ్లింది.

"బండిలో ఏటీ నేదమ్మా. నువ్వు భయంతో గట్టిగా పట్టుకుంటన్నావు. అందుకే తిమ్మిర్లు" అన్నాను గురువారం.

"సముద్రం ఇసకలో బండి నేర్చుకున్నాను. భయం అయిపోనాది మేస్త్రీ" అంది.

అలా ఎందుకు నేర్చుకుందో కూడా ఆ రోజే చెప్పింది. మొదట్లో ఊళ్లోంచి పూండి దాకా ఒక ఆటో, అక్కణ్నుంచి ఇంకో ఆటో ఎక్కి వచ్చేవారట. తిరుగు ప్రయాణంలో అతనికి కళ్లు తిరిగేవి. ఆటో నిండేదాకా డ్రైవరు కదిలేవాడు కాడు. ఒకరోజు అతను ఆటోలోంచి జారిపోయాడట. ఇంట్లో ఉన్న పాత బండికి మరిది బండి ఇంజను పెట్టించి, తన కాళ్లు నేలకి అందేలా సీటు దించి, అతను ఒరగడానికి కుర్చీ కట్టించి సోంపేటలో తయారుచేయించింది. నేను పెళ్లి ఊరేగింపు బండి అనుకున్నది ఇదన్నమాట.

శనివారం కూడా దడ పోలేదంది. ఇక ఇంజను విప్పాల్సిందేనన్నాను. వారం పట్టింది. ఆ వారం వాళ్లు మళ్లీ ఆటోల్లో వచ్చారు. విప్పి చూస్తే లోపలంతా శుభ్రంగా ఉంది. అయినా క్రాంకు బేరింగులు మార్చాను. పాతవి బాగానే ఉన్నాయి. మార్చకపోతే వారం రోజులు నేను ఏం చేసినట్టు?

ఇంజను తిరిగి ఎక్కిస్తున్నప్పుడు ఫౌండేషన్ బోల్టుల దగ్గర రబ్బర్లు కనిపించాయి. ఇంజనుని చట్రానికి పట్టి ఉంచే బోల్టులివి. ఆ దడ చట్రానికి ఎక్కకుండా మధ్యలో రబ్బరు ఉంటుంది. సోంపేట వెల్డింగతను లారీ టైరు కోసి వేసిన బిళ్లలు నలిగి, నూనె తాగి, అప్పడాల్లా అయిపోయాయి. ఇద్దరు కూర్చుని మిట్ట ఎక్కుతుంటే గొలుసు ఇంజనుని వెనక్కి లాగుతుంది, ఇనుము ఇనుముని కొడుతుంది. ఒక్కడు తిన్నగా వెళ్తే తగలదు. ఎర్రయ్య మాట అక్షరాలా నిజమే.

ఆ క్షణంలో నాకు సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది. కానీ నాకు కలిగింది కోపం. బోటు నడిపేవాడు నాకు చెప్పడమా అని. ఆ కొలతకి రబ్బరు ఎక్కడా దొరకదు. లేతు షాపులో ఇనప బుష్‌లు, అంటే చిన్న గొట్టం ముక్కలు, కోయించి, రబ్బర్ల స్థానంలో దిగ్గొట్టి, బోల్టులు బిగించాను. "ఇంక జన్మలో కదల్దు" అన్నాను ఆమెతో.

కదలలేదు కూడా. వంతెన మీద దడ పోయింది. దాని బదులు బండంతా సన్నగా, కందిరీగల గూడులా మోగడం మొదలైంది.

"అద్దంలో ఎనక బండ్లు రెండేసి కనిపిత్తన్నాయి మేస్త్రీ. ఈయనకి పళ్లు జివ్వుమంతన్నాయట" అంది.

"కొత్త బేరింగులు గదా. సెట్టయిపోద్ది" అన్నాను.

సెట్టయిపోద్ది అనేది మా వృత్తిలో అన్నిటికన్నా పనికొచ్చే మాట. మనకి తెలియనిదంతా అందులో పడుతుంది.

పూండి దాటాక

పది రోజుల తరవాత ఢిల్లేశ్వరి ఒక్కతే వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చింది. చేపల సంచిలోంచి ఒక ఇనప ముక్క తీసి నా బల్ల మీద పెట్టింది. ఇంజను కింద ముందువైపు ఉండే పట్టీ. వెల్డింగు పక్కన తెగిపోయి, మధ్యలో నా ఇనప బుష్ కొత్తగా మెరుస్తోంది.

"ఇది నీదే గదా?" అంది.

ముందురోజు డయాలసిస్ నుంచి వెళ్తుంటే పూండి దాటాక పట్టీ విరిగి ఇంజను వాలిపోయింది. గొలుసు పట్టేసి వెనక చక్రం ఆగిపోయింది. జీడితోట పక్కన ఇద్దరూ పడ్డారు. బండిని ఊళ్లోవాళ్లు ఇంటికి చేర్చారు.

"ఎర్రయ్య?"

"కుడి భుజం వాసిపోనాది. ఎడమ సెయ్యి గుండెకాడే పెట్టుకుని పడిపోనాడు. ఒదల్నేదు. ఆ సెయ్యికి ఏటీ అవ్వనేదు."

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన చెయ్యి అది. ఆ నరం చితికితే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానం పక్క పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను ఏమన్నానో దాచను. "ఆ సోంపేటోడి ఎల్డింగు సరిగా నేదమ్మా" అన్నాను.

"రెండేళ్లు నిలబడ్డ ఎల్డింగు, నువ్వు ఇనుము ఏసిన పదిరోజులకి ఇరిగింది" అంది. గొంతు పెంచలేదు. "నాను తగువుకి రానేదు మేస్త్రీ. రేపు ఆయన్ని తేవాల. బండి నిలబెడతావా, నేదా?"

ముప్ఫై ఏళ్లకి పైగా బండ్లు బాగుచేస్తున్నాను. ఒక మనిషి ప్రాణం నా బోల్టు మీద కూర్చుని తిరుగుతుందన్న ఆలోచన అంతకు ముందు ఎన్నడూ రాలేదు. రాకపోవడమే విచిత్రం. స్టూలు మీద కూలబడ్డాను. ఆమే కుండలోంచి మంచినీళ్లు ముంచి ఇచ్చింది. పడినవాళ్లు వాళ్లు, నీళ్లు తాగింది నేను.

బోటు రబ్బర్లు

ఆ రోజు షెడ్డు మూసేసి, పనిముట్లు ఆటోలో వేసుకుని ఆమెతో వాళ్లూరు వెళ్లాను. పూండిలో పట్టీకి మందపాటి రేకు వేయించి అతికించాం. ఎర్రయ్య ఇంటి ముందు కొబ్బరాకుల నీడలో మంచం మీద ఉన్నాడు. భుజానికి కట్టు. నన్ను చూడగానే, "రా బావా. ఇంజను దింపు, సూద్దాం" అన్నాడు, ఏమీ జరగనట్టు. తిడితే కొంచెం తేలిగ్గా ఉండేది.

"బావా, ఆ రోజు నువ్వు సెప్పినప్పుడే..." అని మొదలుపెట్టాను.

"సెప్పినాను గదా. ఇన్నావు గదా. ఇప్పుడు సెయ్యి" అన్నాడు.

మంచం కింద బుట్టలో అతని పాత బోటు ఇంజను రబ్బరు దిమ్మలు ఉన్నాయి. బోటు అమ్మేశాక కూడా వాటిని పారెయ్యలేదు. ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూసి రెండు రకాలు తీశాడు. ముందు గట్టిది ప్రయత్నించమన్నాడు. కోసి, బోల్టుల దగ్గర కూర్చోబెట్టాను. అలవాటుగా రెంచితో బిగించబోతే చెయ్యి ఎత్తాడు.

"అప్పుడే బిగించకు. అన్నీ ఒదులుగా ఉంచి ఇంజను ఆడించు. దానికి కావలసినట్టు అది కూకుంటాది. అప్పుడు బిగించు."

ముప్ఫై ఏళ్లుగా నేను ముందు బిగించి తరవాత స్టార్టు చేసినవాణ్ని. అతను చెప్పినట్టే చేశాను. ఇంజను నాలుగైదు సార్లు కదిలి, దాని చోటు అది వెతుక్కుంది. ఒక్కో బోల్టూ బిగించాను.

తరవాత పెద్ద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి వెనక సీటు మీద పెట్టమన్నాడు. ఇంజను ఆడుతుంటే నీళ్లు ఒణికాయి, అంచు దాటి ఒలికాయి. డాక్టర్లు అతనికి రోజంతటికీ కొలిచి ఇచ్చే నీళ్లు ఇంచుమించు అన్నే. ఒలికిన నీళ్లు చూసి, "నాకొద్దన్నారు గానీ, దానికి ఒద్దన్నేదు గదా" అని నవ్వాడు. ఢిల్లేశ్వరి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అతనొక్కడే హాయిగా నవ్వుకున్నాడు.

"గ్లాసు సాల్దు. ఎనక కూకుని సూడు" అన్నాడు.

అప్పుడు నేను ఎన్నడూ చెయ్యని పని చేశాను. ఢిల్లేశ్వరి ముందు, నేను వెనక కుర్చీలో. సముద్రం ఒడ్డు నుంచి ఊళ్లోకి ఎక్కే మిట్ట మీదికి బండి పోనిచ్చింది. వల బాగుచేసుకుంటున్న మగవాళ్లంతా పని ఆపి చూశారు. "మేస్త్రీ, గట్టిగా పట్టుకో, పడిపోగలవు!" అని ఒకడు అరిచాడు. నా పరువు ఆ మిట్ట ఎక్కలేదు, కిందే ఉండిపోయింది.

కానీ సగం మిట్టలో నాకు తెలిసింది. ముందు కూర్చున్నవాడికి దడ చేతుల్లోకి వస్తుంది. హ్యాండిలు, గేర్లు, రోడ్డు చూసుకుంటూ సగం మర్చిపోతాడు. వెనక కూర్చున్నవాడికి వేరే పని లేదు. దడంతా వెన్నులోంచి ఎక్కి దవడలో ఆగుతుంది. నాలుగు గంటలు రక్తం తోడి ఎక్కించుకున్న మనిషిని నేను పది రోజుల పాటు ఈ కుర్చీలో కూర్చోబెట్టి "సెట్టయిపోద్ది" అన్నాను.

ఆ గట్టి రబ్బర్లు తీసేసి మెత్తవి వేశాం. మళ్లీ ఎక్కాను. మళ్లీ మిట్ట, మళ్లీ నవ్వులు. ఈసారి దడ చట్రం దాకా వచ్చి ఆగిపోయింది. అద్దంలో సముద్రం రెండుగా కాక ఒక్కటిగానే కనిపించింది.

మర్నాడు వాళ్లు సమయానికి పలాస చేరారు.

కొన్ని నిజాలు

ఆ తరవాత రెండేళ్లు, డయాలసిస్ అయ్యాక కళ్లు తిరగడం తగ్గేదాకా ఎర్రయ్య నా షెడ్డులో కూర్చునేవాడు. కస్టమర్ల బండ్ల ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, "దీనికి ఇంజను రోగం నేదు బావా, చక్రం సూడు" అనేవాడు. నాకన్నా ఎక్కువసార్లు అతని మాటే నిజమైంది. బండి వాళ్లకి మాత్రం నేనే కనిపెట్టినట్టు చెప్పేవాణ్ని. అతను పక్కనే ఉండి వినేవాడు. ఒక్కసారీ కాదనలేదు.

మీకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. బండి ఎలా చెడిందో అలాగే నడిపి చూడండి. ఇద్దరు ఎక్కితే వచ్చే దడని ఒక్కరే వెళ్లి వెతక్కండి. ఆడమనిషి బండి సంగతి చెప్తే పక్కనున్న మగవాడి మొహం చూడకండి. కదిలేదాన్నల్లా కదలకుండా చెయ్యడం బాగుచెయ్యడం కాదు. ఇవన్నీ ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను. నేర్చుకోడానికి వేరేవాళ్ల భుజం వాచింది.

ఎర్రయ్య ఒక వానాకాలంలో పోయాడు. నాకు వారం తరవాత తెలిసింది. వెళ్లాలనుకున్నాను. ఆ వాకిట్లో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, రేపు రేపు అనుకుంటూ వెళ్లలేదు. ఇది కూడా నా తప్పుల్లో రాసుకోండి.

నెలన్నర గడిచాక ఢిల్లేశ్వరి బండి షెడ్డు ముందు ఆగింది. వెనక కుర్చీ ఖాళీ. కుర్చీ కోయించడానికి వచ్చిందనుకున్నాను. లేకపోతే బండి అమ్మించమని అడుగుతుంది. నాలుగు మాటలు మనసులో పేర్చుకుని బయటికి వచ్చాను.

"అమ్మా, ఎర్రయ్య..." అన్నాను.

ఆమె తల ఊపింది. హెల్మెట్ అద్దానికి తగిలించి, వంగి, ఇంజను కింద చూపించింది.

"రబ్బర్లు మార్చాల, మేస్త్రీ."

"నలిగిపోనాయేటి?"

"నేదు, బాగానే ఉన్నాయి. మా ఈదిలో సావిత్రమ్మకి మంగళారం నుంచి డయాలసిస్సు. తేవడానికి ఆవిడకి ఎవులూ నేరు. నాను తెత్తానని సెప్పినాను." ఖాళీ కుర్చీ మీద దుమ్ము చేత్తో తుడిచింది. "ఇవి ఈయన బరువుకి ఏసినాం గదా. ఆవిడ మరీ సన్నం. ఈటి దడకి ఎగిరిపోద్ది. ఇంకొంచెం మెత్తవి ఎయ్యి."